ముక్కు చూసి చుట్టరికం కలపకండి

అమ్మా, మీ ఏడో తరగతి బాబు పక్కపక్కన పెట్టి చూపించిన ఫొటోలు రెండూ చూశాను. ఒకటి బోర్నియో దీవిలో ఉండే పొడవు ముక్కు కోతి, ప్రోబోసిస్ మంకీ అంటారు. రెండోది లోతు సముద్రంలో తిరిగే గోబ్లిన్ సొరచేప. "రెండింటికీ ఒకేలాంటి ముక్కు ఉంది కదా, ఇవి చుట్టాలా? అంత ముక్కు దేనికి? రెండింట్లో ఏది గొప్ప?" అని వాడు అడిగాడన్నారు. మీరు ఇంటర్నెట్‌లో వెతికితే, కోతి ఈదేటప్పుడు ముక్కుని గాలి గొట్టంలా వాడుకుంటుందని ఒక చోట, సొర తన ముక్కుతో సముద్రం అడుగున బురద తవ్వుతుందని ఇంకో చోట కనిపించిందన్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ రెండు మాటలూ నమ్మదగ్గవి కావు. ఆ రెండు ముక్కులూ ఒకే అవయవం కూడా కావు. ఇంకా చెప్పాలంటే సొరది ముక్కే కాదు. అలాగని ఈ రెండు జంతువులకీ ఏ సంబంధమూ లేదనుకోకండి. ఉంది. కాకపోతే అది ముఖం మధ్యలో లేదు, చెవి లోపల ఉంది. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఏటా ఆ చెవి పాఠం దగ్గరికొచ్చేసరికి పిల్లల సంగతేమో గానీ నాకు మాత్రం సంబరంగా ఉండేది. కొంచెం ఓపిక పట్టండి, అక్కడికి నిదానంగా వస్తాను.

కోతితో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని కళ్లారా చూశాను. మా అమ్మాయి వాళ్లు కౌలాలంపూర్‌లో ఉన్న రోజుల్లో ఒకసారి సబా రాష్ట్రం తీసుకెళ్లారు. బోర్నియో దీవిని ఇండోనేషియా, మలేషియా, బ్రూనై మూడు దేశాలు పంచుకున్నాయి. సబా మలేషియా వాటాలోది. అక్కడ కినబటాంగన్ అనే నది ఉంది. వరద గోదారి రంగు నీళ్లు. సుకావు అనే ఊళ్లో సాయంత్రం ఎండ తగ్గాక పడవ ఎక్కాం. ఈ కోతులు పగలంతా అడవిలో ఎక్కడ తిరిగినా, పొద్దు గూకే వేళకి ఏటి ఒడ్డు చెట్ల మీదికి చేరి అక్కడే పడుకుంటాయి. చూడదలచుకున్నవాళ్లకి అదే అదను.

ఒక మలుపులో పడవ నడిపే కుర్రాడు ఇంజన్ ఆపి చెయ్యెత్తి చూపించాడు. కొమ్మ మీద పెద్ద మగకోతి. కాళ్లు బార్లా చాపుకుని, కుండలాంటి పొట్ట ముందుకేసుకుని, భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా ఉన్నాడు. ముక్కు నోటి మీదికి వేలాడుతోంది. లేత ఆకులు తుంచి నోట్లో పెట్టుకోబోతే ముక్కు అడ్డమొచ్చింది, చేత్తో పక్కకి తోసుకుని తిన్నాడు. కాసేపటికి ఒక కూత కూశాడు. జలుబు చేసిన అంబాసిడర్ హారన్ అనుకోండి. మా మనవరాలు పడవలో పడీ పడీ నవ్వింది. అంతలో అవతల కొమ్మ మీద నుంచి రెండు ఆడకోతులు ఇటు తిరిగి చూశాయి. నవ్వాల్సిన విషయం కాదని అప్పుడే అనిపించింది నాకు.

మగకోతి బరువు 20 కిలోల దాకా ఉంటుంది, ఆడది అందులో సగం. పెద్ద మగవాడి ముక్కు 10 సెంటీమీటర్లు దాటిపోతుంది. ఆడకోతి ముక్కు మాత్రం చిన్నది, కొస కాస్త పైకి తిరిగి ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మీరు చదివిన గాలి గొట్టం కథ ఇక్కడే తేలిపోతుంది. ఈ కోతులు నిజంగానే గొప్ప ఈతగాళ్లు. కాలివేళ్ల మధ్య కొంతమేర చర్మం కలిసి ఉంటుంది. ఏటి మీదికి వంగిన కొమ్మ మీద నుంచి పొట్ట చరుచుకునేలా దభీమని దూకి అవతలి ఒడ్డుకి ఈదుకుపోతాయి. నీళ్లలో మొసళ్లు ఉంటాయి కాబట్టి ఆ హడావిడి. అయితే మగవాళ్లతో పాటు ఆడవీ, పిల్లలూ కూడా అదే ఏరు దాటతాయి. వాటికి ఆ ముక్కు లేదు, అయినా ఈత దివ్యంగా వస్తుంది. ఈతకోసమే ముక్కు పెరిగి ఉంటే మగవాళ్లకే ఎందుకు పెరుగుతుంది? పైగా ఆ ముక్కు కిందికి వేలాడుతుంది. గాలి పీల్చే గొట్టం పైకి ఉండాలి కదా, నీళ్లలోకి ఉంటే ఎలా?

మగవాటికే ఉండి, వయసుతో పాటు పెరిగే అలంకారం ఏదైనా కనిపిస్తే జువాలజీ వాడికి ముందు తట్టేది నెమలి పింఛం. ఆడదాని మెప్పు కోసమో, పక్క మగవాణ్ని బెదిరించడానికో పుట్టినది అన్నమాట. ఈ కోతి విషయంలో చాలాకాలం అది ఊహగానే ఉండేది. 2018లో జపాన్ పరిశోధకుల నాయకత్వంలో ఒక బృందం కొలతలతో సహా చూపించింది. కినబటాంగన్ ప్రాంతపు అడవి మగకోతుల ముక్కు, ఒళ్లు, వృషణాలు కొలిచారు. ముక్కు పెద్దగా ఉన్నవాడికి ఒళ్లు పెద్దది, వృషణాలు పెద్దవి, అతని గుంపులో ఆడకోతుల సంఖ్యా ఎక్కువే. ఇంకో సంగతి, ముక్కు సైజుని బట్టి కూత తీరు మారుతుంది. అంటే అడవి దట్టంగా ఉండి మనిషి కనబడకపోయినా, కూత వింటే చాలు, అవతలివాడు ఎంతవాడో ఆడకోతులకి తెలిసిపోయే వీలుంది. పడవలో మేం నవ్వుకున్న ఆ హారన్ నిజానికి వాడి బయోడేటా.

మీ బాబుకి ఇంకో మాట చెప్పండి. ఈ కోతికి మన ఊళ్లో బంధువు ఉంది. ఇళ్లమీద పడి అరటిపళ్లు ఎత్తుకుపోయే ఎర్రమూతి కోతి కాదు, కొండముచ్చు. కొండముచ్చూ, ఈ పొడవు ముక్కుదీ ఆకులు తినే కోతుల శాఖ. మామూలు కోతికి బుగ్గల్లో సంచులుంటాయి, దొరికినంత కుక్కుకుని పారిపోతుంది. ఈ శాఖకి ఆ సంచులు లేవు. బదులుగా పొట్టే గదులు గదులుగా ఉంటుంది. ఆవు పొట్టలో లాగే అక్కడ సూక్ష్మజీవులు ఆకుల్ని పులియబెట్టి అరిగిస్తాయి. ఆ కుండ పొట్ట అందుకే. బాగా పండిన తీపి పళ్లు తింటే లోపల పులుపు మరీ ఎక్కువై పొట్ట ఉబ్బుతుంది కాబట్టి పచ్చికాయలూ, గింజలూ, లేత ఆకులే ఎక్కువగా తింటుంది. 2011లో మరో వింత బయటపడింది. ఈ కోతులు అప్పుడప్పుడు తిన్నది మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమలడం పరిశోధకులు చూశారు. నెమరేసే కోతి! ముక్కు గోలలో పడి ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ, నన్నడిగితే ముక్కు కంటే ఇదే పెద్ద వింత.

దీని పేరు కథ కూడా సరదాగా ఉంటుంది. మలయ్ భాషలో దీన్ని మోన్యెట్ బెలాండా అంటారు, డచ్చివాళ్ల కోతి అని. పెద్ద ముక్కు, పెద్ద పొట్ట చూసి తమని పాలించడానికొచ్చిన దొరల మీద జనం వేసిన ఛలోక్తి. మచిలీపట్నం తెలిసినవాళ్లకి ఆ బెలాండా మాట ఎక్కడో విన్నట్టుంటుంది. బందరులో డచ్చివాళ్లున్న పేట మనకి వలందపాలెం. పోర్చుగీసువాళ్ల నోట హాలెండు పేరు అక్కడ బెలాండా అయింది, ఇక్కడ వలందా అయింది.

ఇక సొర దగ్గరికి. చిత్రమేమిటంటే దీనికీ పేరు ముక్కు చూసే పెట్టారు. జపాన్ జానపద కథల్లో టెంగు అని ఎర్ర ముఖం, పొడవు ముక్కు ఉన్న కొండదెయ్యం ఉంది. అక్కడి జాలర్లు ఈ చేపని టెంగు సొర అన్నారు. దాన్నే ఇంగ్లీషులోకి గోబ్లిన్ షార్క్ అని మార్చుకున్నారు. 1898లో డేవిడ్ స్టార్ జోర్డాన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించాడు. యోకొహామా దగ్గర దొరికిన మీటరు పైచిలుకు పిల్ల మగసొర అది. శాస్త్రీయ నామం మిత్సుకురినా ఓస్టోని. అందులో మిత్సుకురి టోక్యో ప్రొఫెసర్, ఓస్టన్ ఆ చేపని సంపాదించి ఇచ్చిన యోకొహామా వ్యాపారి.

ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోలతో ఇక్కడే పేచీ. దవడలు బయటికి పొడుచుకొచ్చి, పళ్లు ఇకిలించి, ఒళ్లంతా ముడతలు పడి భయంకరంగా ఉంటుంది. మీ బాబు చూపించిన ఫొటో అలాంటిదే. అది చచ్చిపోయి, వలలో పైకొచ్చి, దవడ జారిపోయిన చేప. బతికున్న గోబ్లిన్ సొర దవడలు లోపలికి ముడుచుకుని ఉంటాయి. అప్పుడు చూస్తే పైన చదునైన కత్తిలాంటి మూతి, కింద మామూలు సొర నోరు, అంతే. రంగు లేత గులాబీ. చర్మం పలుచగా ఉండి లోపలి రక్తనాళాలు కనబడటం వల్ల వచ్చే రంగు అది. చచ్చాక వెలిసిపోయి బూడిద రంగులోకి దిగుతుంది. శవాన్ని చూసి మనిషి అందం గురించి మాట్లాడినట్టుంది మన వ్యవహారం.

సాధారణంగా 3, 4 మీటర్లుంటుంది. 2000లో మెక్సికో సింధుశాఖలో దొరికిన ఆడసొర 5 మీటర్లు దాటి ఉంటుందని ఫొటోల్ని బట్టి లెక్కగట్టారు. ఎక్కువగా 270 నుంచి 960 మీటర్ల లోతులో దొరుకుతుంది. ఇంకా కిందికి కూడా పోతుంది. ఆ లోతులో వెలుగు దాదాపు ఉండదు, తిండి బహు తక్కువ. అందుకే ఈ సొర ఒళ్లు మెత్తగా, వదులుగా ఉంటుంది, కండ తక్కువ. పెద్ద కాలేయం నిండా నూనె ఉంటుంది కాబట్టి పెద్దగా కష్టపడకుండానే నీళ్లలో తేలుతూ ఉండగలదు. పరిగెత్తి వేటాడే జంతువు కాదిది. ఆ మెత్తటి మూతితో బురద తవ్వుతుందనే మాట కూడా అక్కడే ఆగిపోతుంది. నొక్కితే వంగిపోయే గరిటెతో పొలం తవ్వినట్టుంటుంది.

మరి ఆ మూతి దేనికి? దీనికి సమాధానం నాకు పుస్తకంలో కంటే ల్యాబులో బాగా తెలుసు. మా రోజుల్లో బీఎస్సీ జువాలజీకి స్కోలియోడాన్ డిసెక్షన్ ఉండేది. చిన్న సొర. తెల్లారకముందే అటెండరు హార్బర్ నుంచి బుట్టెడు తెచ్చేవాడు. వ్యాక్స్ ట్రే మీద సొరని వెల్లకిలా పెట్టి, నేను పిల్లలతో ముందుగా చేయించే పని కోయడం కాదు, మూతి మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా నొక్కడం. మూతి నిండా సూది పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. నొక్కగానే ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో స్వచ్ఛమైన జిగురు చుక్క పైకొచ్చి నిలబడుతుంది. సబ్జా గింజ మీది జిగురులాగ. పిల్లలు ఛీ అంటూనే మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లు. ఇప్పుడు డిసెక్షన్లు మానేశారు, జంతువుల పరంగా మంచిదే. కానీ ఆ జిగురు చుక్క స్క్రీన్ మీద చూపిస్తే ఎవరికీ గుర్తుండదు.

ఆ రంధ్రాల కింద జిగురు నిండిన సన్నటి గొట్టాలు, వాటి అడుగున చిన్న తిత్తులు ఉంటాయి. 1678లో స్టెఫానో లొరెంజిని అనే ఇటలీ వైద్యుడు వీటిని వర్ణించాడు కాబట్టి ఆయన పేరే ఉండిపోయింది. అవి దేనికో తేలడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది. 1971లో కాల్‌మైన్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ నా దృష్టిలో పాఠంలా చెప్పుకోదగ్గది. ఆయనా డచ్చివాడే, చూడండి, వలందావాళ్లు మనల్ని వదలడం లేదు. తొట్టిలో ఇసక కింద ఒక చదును చేపని దాచాడు. చిన్న సొర నేరుగా వచ్చి పట్టుకుంది. వాసన వల్లనేమో అని చేపని అగర్ అనే జెల్లీలాంటి సరుకుతో చేసిన గదిలో పెట్టి, దాని వాసన నీళ్లు వేరే చోట బయటికొచ్చేలా చేశాడు. సొర వాసన వచ్చే చోటికి పోలేదు, చేప ఉన్న చోటికే వచ్చింది. ఆ గది మీద పలచటి ప్లాస్టిక్ పొర కప్పాడు. చేప ఒంట్లోంచి వచ్చే అతి సన్నటి విద్యుత్తు ఆగిపోయింది, సొరకి చేప జాడ తెలియలేదు. చివరికి చేపని తీసేసి ఇసకలో రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి చేప ఇచ్చేంత కరెంటే ఇచ్చాడు. సొర వచ్చి ఇసక తవ్వి ఎలక్ట్రోడ్లని కొరికింది.

ఏ జీవి ఊపిరి తీసినా, కండ కదిపినా నీళ్లలో అతి కొద్ది విద్యుత్తు పుడుతుంది. సొరలు దాన్ని పసిగడతాయి. సెంటీమీటరుకి ఒక వోల్టులో ఇరవై కోట్లవ వంతు తేడాని కూడా గుర్తించగలవని తేలింది. గోబ్లిన్ సొరని తొట్టిలో పెట్టి ఇలాంటి ప్రయోగం చేయడం కుదిరే పని కాదు, పైకి తెస్తే ఎక్కువ రోజులు బతకదు. కానీ దాని పొడవు మూతి నిండా ఉన్నవి ఈ రంధ్రాలే. చీకట్లో అంత వెడల్పాటి మూతి అంటే, చేతిలో టార్చి బదులు మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగినట్టు. మన బంగాళాఖాతంలో ఒకప్పుడు బాగానే కనిపించిన రంపం ముక్కు చేపదీ ఇదే ఏర్పాటు. ఆ రంపం నిండా ఇవే తిత్తులు. ఇప్పుడది చాలా అరుదైపోయింది. 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద పులితో సమానంగా రక్షణ ఉంది, పట్టకూడదు.

మూతి దొంగని పట్టిస్తుంది, పట్టుకునేది దవడ. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్లు 2008లో, 2011లో బతికున్న గోబ్లిన్ సొరల్ని వీడియో తీశారు. ఆ వీడియోల్లో కాట్లు ఐదే ఐదు. హొక్కైడో యూనివర్సిటీ పరిశోధకులు వాటిని ఫ్రేము ఫ్రేముగా కొలిచి 2016లో ప్రకటించారు. దవడలు ఒంటి పొడవులో 8.6 నుంచి 9.4 శాతం దాకా ముందుకి దూసుకొస్తాయి. రెండు మీటర్ల సొర అనుకుంటే సుమారు 18 సెంటీమీటర్లు, జానెడుకి కాస్త తక్కువ. వేగం సెకనుకి 3.1 మీటర్లు. ఏ సొరకీ దవడ అంత దూరం, అంత వేగంగా రాదు. మనం సైకిలు తొక్కే వేగమేగా అనకండి, కదలకుండా తేలే బద్ధకపు జంతువుకి అది మెరుపే. ఒళ్లు కదిలించే పని లేకుండా నోరే వెళ్లి భోజనం తెచ్చుకుంటుంది. క్యాటపుల్ట్ రబ్బరు లాగి వదిలినట్టు స్నాయువులు బిగిసి ఉండి ఒక్కసారిగా వదులుతాయంటారు.

ఇప్పుడు రెండు ముక్కుల్నీ పక్కపక్కన పెడదాం. కోతిది అచ్చమైన ముక్కు. రంధ్రాల్లోంచి గాలి లోపలికి పోతుంది, గొంతులోకి దారి ఉంది, కూతకి గదిలా పనికొస్తుంది. సొర మూతికి ఆ పనేదీ లేదు. దాని ముక్కురంధ్రాలు మూతి కింద, నోటికి ముందు వేరేగా ఉన్నాయి. అవి కూడా ఊపిరికి కావు, గొంతులోకి తెరుచుకోవు, వాసన చూడటానికి మాత్రమే. పొడుచుకొచ్చిన భాగం పుర్రె ముందు భాగపు పొడిగింపు. దాన్ని ముక్కు అనడం టోపీ అంచుని నుదురు అన్నట్టే. ఒకసారి క్లాసులో ఒక కుర్రాడు లేచి, "సార్, కోతి ముక్కులోనూ ఎముక లేదు, మృదులాస్థే కదా, సొరదీ మృదులాస్థే, మరి చుట్టరికం కాదా?" అన్నాడు. తెలివైన ప్రశ్న, మీ వాడూ అడగొచ్చు. ఇటుకతో కట్టారని గుడీ గోడౌనూ ఒకటి కావు. మృదులాస్థి అంటే మన చెవి డిప్పలో తగిలే మెత్తటి, వంగే పదార్థం. వెన్నెముక ఉన్న జంతువులన్నిటి దగ్గరా ఉన్న సరుకు అది. మన ఎముకలు చాలావరకు తల్లి కడుపులో మొదట మృదులాస్థిగా మొదలై తర్వాతే ఎముకవుతాయి.

అన్నట్టు, మృదులాస్థి చేపలంటే ఎముక ఇంకా పుట్టని కాలపు పాత చేపలని మేం కూడా చెప్పేవాళ్లం. ఆ మాట సరిచేసుకోవాలి. మంగోలియాలో దొరికిన దాదాపు 41 కోట్ల ఏళ్ల నాటి చేప పుర్రెలో లోపలి ఎముక ఉందని 2020లో చూపించారు. అంటే సొరల పూర్వీకులకి ఎముక ఉండి, తర్వాత వదిలేసుకుని ఉండొచ్చు. గోబ్లిన్ సొర కుటుంబం 12 కోట్ల ఏళ్లకి పైబడినదే, నిజం. కానీ పాత కుటుంబం వేరు, ఇప్పుడున్న చేప వేరు. బతికున్న శిలాజం అని రాసేవాళ్లని చూస్తే చిరాకేస్తుంది నాకు.

మరి చుట్టరికం? దవడలున్న జంతువులన్నీ సుమారు 45 కోట్ల ఏళ్ల కిందట రెండు పాయలయ్యాయి. ఒక పాయ సొరలు, టేకు చేపలు. రెండో పాయ ఎముక చేపలు. ఆ రెండో పాయలోంచే కప్ప, బల్లి, పిట్ట, కోతి, మీరు, నేను. దీనర్థం ఏమిటో ఆలోచించండి. కొల్లేరు శీలావతిని అడిగితే, సొర కంటే కోతే తనకి దగ్గర చుట్టమంటుంది. రూపం చూస్తే శీలావతీ సొరా రెండూ చేపలే, రెక్కలున్నాయి, మొప్పలున్నాయి. కానీ వంశవృక్షంలో శీలావతి మన వైపు కూర్చుంటుంది. మార్కెట్లో చేపలని ఒకే బల్ల మీద పెట్టి అమ్ముతారు కాబట్టి మనకలా తోచదు.

ఇక చెవి. సొర నోరు తెరిస్తే పై దవడ ఒక మృదులాస్థి కమాను, కింది దవడ ఇంకొకటి. రెండూ వెనక కొసన కీలులా కలుస్తాయి. ఆ కీలుని పుర్రెకి వేలాడదీస్తూ ఇంకో కడ్డీ ఉంటుంది. పై దవడ పుర్రెకి అతుక్కుని ఉండదు కాబట్టే దవడలు అలా ముందుకి దూసుకు రాగలవు. ఇప్పుడు కోతి చెవిలోకి రండి. మీ బాబు సైన్సు పుస్తకంలో మూడు చిన్న ఎముకలుంటాయి, కూటకం, దాగలి, అంకవన్నె. కూటకమంటే సుత్తి, దాగలి కమ్మరి కొట్టే దిమ్మ, అంకవన్నె గుర్రం రౌతు కాలుపెట్టే వలయం. కర్ణభేరి మీద పడ్డ శబ్దాన్ని ఒకదాన్నుంచి ఒకటి అందుకుని లోపలికి పంపుతాయి. సొర కింది దవడ వెనక కొసకి సరిపోయే ముక్క మనలో కూటకం. పై దవడ వెనక కొస దాగలి. వేలాడదీసే కడ్డీ అంకవన్నె. సొర దవడ కీలు ఏదో, మన చెవిలో కూటకానికీ దాగలికీ మధ్య ఉన్న కీలు అదే. మొదటి రెండింటి సంగతి 1837లో రైకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త పందిపిల్లల పిండాలు పరిశీలించి పట్టుకున్నాడు. పిండంలో ఆ ముక్కలు మొదట దవడ మృదులాస్థి కొసనే కనిపిస్తాయి, తర్వాత విడిపోయి చెవిలో స్థిరపడతాయి.

సొర నుంచి కోతి పుట్టిందని కాదు సుమా. ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడి దగ్గర ఆ సామాను ఉంది. సొర పాయ దాన్ని దవడగానే వాడుకుంది. మన పాయలో నెమ్మదిగా దవడ మరో ఎముక మీదికి మారింది, ఖాళీ అయిన ముక్కలు వినికిడికి దక్కాయి. మనిషిలో అంకవన్నె పొడవు 3 మిల్లీమీటర్లే, ఒంట్లో అన్నిటికంటే చిన్న ఎముక. ఇప్పుడు ఏటి ఒడ్డున ఆ ఆడకోతుల్ని మళ్లీ తలుచుకోండి. మగవాడు ముక్కుతో కూశాడు, అవి తల తిప్పాయి. ఆ కూత వాటి చెవిలో ఏ ముక్కల మీదుగా పోయిందో, ఆ ముక్కల తోబుట్టువులే చీకటి సముద్రంలో గోబ్లిన్ సొర నోటిని ముందుకి విసురుతున్నాయి. పాఠం ఇక్కడికొచ్చాక క్లాసులో ఎవడైనా ఒకడు తన చెవి తడుముకునేవాడు. వాడికి నేను మనసులోనే ఐదు మార్కులు వేసేవాణ్ని.

ఏది గొప్ప అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఏది ఎక్కువ కష్టంలో ఉందో చెప్పగలను. గోబ్లిన్ సొరని పనిగట్టుకుని పట్టేవాళ్లు లేరు, లోతు వలల్లో ఎప్పుడో ఒకటి పడుతుంది. ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో దానికి పెద్దగా ప్రమాదం లేదనే రాశారు. కోతి మాత్రం అంతరించిపోయే ప్రమాదం ఉన్నవాటిలో ఉంది. దాదాపు 40 ఏళ్లలో సంఖ్య సగానికి పైగా పడిపోయిందని అంచనా. ఏటి ఒడ్డు అడవులూ మడ అడవులూ కొట్టి ఆయిల్ పామ్ వేశారు. కినబటాంగన్ మీద పడవలో పోతుంటే ఒడ్డున అడవి ఉన్నట్టే ఉంటుంది, చాలా చోట్ల ఆ చెట్ల వెనక వరసలు వరసలుగా ఆయిల్ పామే. పామాయిల్ దిగుమతిలో మన దేశానిది పెద్ద వాటా, అదీ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచే. మన ఏలూరు వైపు కూడా అదే చెట్టు. అయితే ఇక్కడ రైతులు వేసేది ఎక్కువగా పాత సాగు భూముల్లో. అక్కడ పోయింది ఈ కోతి పడుకునే చెట్టు. ఈ కోతి వేరే చోటికి వెళ్దామన్నా వీల్లేదు, బోర్నియో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో లేదు.

మీరు ఉండేది విశాఖలోనే అన్నారు కాబట్టి ఒక పని చెప్తాను. ఆదివారం తెల్లవారుజామున మీ వాణ్ని ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లండి. ఎవరినైనా అడిగితే చిన్న సొరపిల్ల చూపిస్తారు, కొనకపోయినా ఏమీ అనరు, ముందు నమస్కారం పెట్టి అడగండి. వాడి చేత మూతి మీద బొటనవేలుతో నెమ్మదిగా నొక్కించండి. చేప తాజాగా ఉండాలి, ఐసులో రెండు రోజులుంటే జిగురు రాదు. తర్వాత నోరు తెరిచి పై దవడని వేలితో కాస్త ముందుకి లాగి చూడమనండి, కదులుతుంది. పళ్లు జాగ్రత్త, చచ్చినా కోసుకుపోతాయి. పాత చొక్కా వేసి పంపండి. ఆ వాసన సబ్బుకి పోదు, చేతులకి చింతపండు రుద్దించండి.